అబ్బా బస్తా

తెలుగువాళ్లకు బస్తా అంటే బియ్యం బస్తా, యూరియా బస్తా. మా ఇంట్లో బస్తా అంటే కాయితాల మూట. ఎర్రగుడ్డలో కాయితాలు పేర్చి, నాలుగు మూలలూ కలిపి ముడేసి, ఆ ముడికి ఒక అట్టముక్క కట్టి, లోపల ఏముందో దాని మీద రెండు మాటలు రాసి ఉంటుంది. పాత తహసీల్ దఫ్తర్లలో ఇట్లాంటి బస్తాలు అల్మారాల నిండా ఉండేవి. మా అబ్బాకు ఒక్కటే ఉండేది. పొద్దున్నే దాన్ని సైకిల్ క్యారియర్‌కు కట్టుకుని గద్వాలలో దఫ్తర్ ముందున్న వేపచెట్టు కిందికి పోయేవాడు. అసర్ నమాజు వేళకు ఇంటికొచ్చేవాడు.

అబ్బా అర్జీనవీసు. ఈ మాట ఇప్పటి పిల్లలకు చెప్తే 'అదేం ఉద్యోగం?' అంటారు. ఉద్యోగం కాదు. రాయడం రానివాళ్ల తరఫున రాసిపెట్టి, ఇచ్చింది తీసుకోవడం. ఎవరైనా మరీ గరీబు అయితే ఆ రోజు ఛాయ్ కూడా అబ్బాదే.

బస్తాలో ఓ నలభై కాయితాలుండేవి. ప్రతి కాయితానికి ఒక పక్క ఉర్దూ, ఇంకో పక్క తెలుగు. విరాసత్‌కు ఒకటి, పహాణీ నకలుకు ఒకటి, రేషన్ కార్డుకు, బేవా పింఛనుకు, పిల్లల టీసీకి, పొలం హద్దు తగాదాకు, జామీనుకు. పేరు రావలసిన చోట చిన్న డబ్బా గీసి ఉండేది. అబ్బా వాటిని నమూనాలు అనేవాడు. తెలుగులోనూ అదే మాట ఉంది కాబట్టి నేను దీనికి వేరే తర్జుమా వెతుక్కోవలసిన అవసరం రాలేదు. అర్జీ, దరఖాస్తు, ఫిర్యాదు, రసీదు, నకలు, జవాబు, దస్తావేజు... దఫ్తర్ ముందు నిలబడ్డ తెలుగువాడు సగం ఫార్సీ మాట్లాడుతున్న సంగతి వాడికే తెలియదు.

అబ్బా రివాజులు రెండు. ఒకటి, నమూనా మీద ఎప్పుడూ రాసేవాడు కాదు. దాన్ని పక్కన పెట్టుకుని, చూస్తూ, తెల్లకాయితం మీద మొదటి నుంచీ రాసేవాడు. "ఇస్ పే లిఖే తో యే నమూనా నై రహతా బేటా, కిసీ కీ అర్జీ బన్ జాతీ" అనేవాడు. రెండోది, రాసిందంతా గట్టిగా చదివి వినిపించకుండా వేలిముద్ర వేయించేవాడు కాదు. లైన్లో పదిమందున్నా సరే. తెలుగులో రాసిన అర్జీ అయితే ఉర్దూలో మతలబు చెప్పేవాడు, వినేవాళ్లు తలూపేవాళ్లు. ఎవరైనా తొందరపెడితే పెన్ను మూతపెట్టి ఊరుకునేవాడు.

నా సంగతి చెప్తాను. పదో తరగతి దాకా నాది ఉర్దూ మీడియం. తర్వాత వనపర్తిలో డిగ్రీకి తెలుగు సాహిత్యం తీసుకున్నాను. ఎందుకంటే అబ్బా తెలుగు బాగా రాసేవాడు, కానీ ఒత్తుల దగ్గర తడబడేవాడు. వేపచెట్టు కింద ఓ గుమాస్తా దాన్ని చూసి నవ్వడం నేను చూశాను. మొదటి సంవత్సరం నాకు 'ల'కూ 'ళ'కూ తేడా నోటికి తెలిసేది గానీ చేతికి తెలిసేది కాదు. క్లాసులో ఛందస్సు చెప్తుంటే, గణాలు నాకు గజల్ బహర్‌లాగా వినిపించి లోపల్లోపల నవ్వుకునేవాణ్ణి. లైబ్రరీలో సురవరం ప్రతాపరెడ్డి గారి పుస్తకాలు దొరికాయి. మా గద్వాల వైపు మనిషే. 1926లో గోల్కొండ పత్రిక మొదలుపెట్టిన ఆయన, ఉర్దూ సర్కారు నడుమ తెలుగు రాసుకున్న మనిషి. నేను ఆయనకు ఉల్టా. తెలుగు సర్కారు నడుమ ఉర్దూ చదువుకున్నవాణ్ణి. ఆయన పుస్తకం చదువుతున్నప్పుడు ఈ బాధ ఇద్దరిదీ ఒకటేనని ఎందుకో అనిపించింది.

అబ్బా 2013లో వెళ్లిపోయాడు. బస్తా ట్రంకుపెట్టెలో అడుగుకు చేరింది. నేనప్పటికే వనపర్తిలో పత్రికకు వార్తలు రాస్తున్నాను. సాయంత్రం పూట ఓ దోస్తు డీటీపీ దుకాణంలో కూర్చునేవాణ్ణి. అబ్బా కొడుకునని తెలిసి అర్జీల కోసం కొందరు నన్నే వెతుక్కుంటూ వచ్చేవాళ్లు. నేను టైపు చేసిపెట్టేవాణ్ణి.

డీటీపీ దుకాణంలో పని ఎట్లా నడుస్తుందో మీకు తెలుసు కదా. పెళ్లి కార్డులు, రుక్కాలు పేజ్‌మేకర్‌లో, అనూ ఫాంటులో. ఉర్దూ అయితే ఇన్‌పేజ్‌లో. అర్జీలు, అఫిడవిట్లు మాత్రం వర్డ్‌లో. కొత్త మనిషి రాగానే ఎవరూ కొత్త కాయితం తెరవరు. నిన్న వచ్చినవాళ్ల ఫైలు తెరుస్తారు. అందులో పేరు తీసి ఈ పేరు పెడతారు, ఊరు మారుస్తారు, ప్రింటు కొడతారు. రెండు నిమిషాల పని. అంటే అబ్బా ఏది చేయకూడదన్నాడో అదే దుకాణం రివాజు. నేనూ అదే చేశాను.

2015లో ఒక ఖాలా వచ్చింది. షోహర్ పోయి ఏడాదయింది. ఆసరా పింఛన్లు అంతకు ముందు సంవత్సరమే మొదలయ్యాయి, బేవాలకు నెలకు వెయ్యి రూపాయలు. ఆమె ఉర్దూ చదవగలదు, ఖురాన్ చదవగలదు, తెలుగు మాట్లాడగలదు గానీ చదవలేదు. అంతకు ముందు రోజు ఇంకో బేవాకు అర్జీ చేసి ఉన్నాను. ఆ ఫైలే తెరిచాను. ఖాలా పేరు మార్చాను, ఊరు మార్చాను, తేదీ మార్చాను. మగ్రిబ్ అజాన్ అవుతోంది, దుకాణంలో జనం. చదివి వినిపించలేదు. ఖాలా కింద ఉర్దూలో దస్తఖత్ చేసింది. చాలా అందమైన దస్తఖత్, ఇప్పటికీ కళ్ల ముందుంది.

నెలలు గడిచాయి. కాయితం తిరిగొచ్చింది. జతచేసిన మౌత్ సర్టిఫికెట్‌లో ఒక పేరు, అర్జీలో ఇంకో పేరు. రెండో పేరాలో 'నా భర్త' అన్నచోట ముందురోజు బేవా షోహర్ పేరు అట్లాగే ఉండిపోయింది. తప్పు దఫ్తర్‌ది కాదు, వాళ్లు చూడాల్సిందే చూశారు. ఖాలా ఆ కాయితం పట్టుకుని దుకాణానికొచ్చింది. ఎవరో చదివి చెప్పినట్టున్నారు. కోపంగా ఏమీ అనలేదు.

"బేటా, మేరే మరద్ కా నామ్ కైకు బదల్ దియే?" అంది.

నేను ఏం చెప్పను? ఒక పరాయి మనిషి పేరును షోహర్ పేరుగా ఒప్పుకుంటూ ఆమె చేత దస్తఖత్ చేయించినవాణ్ణి నేను. కొత్తది రాసిచ్చాను. ఈసారి చదివి వినిపించాను. తర్వాత పింఛను వచ్చింది. మధ్యలో పోయిన నెలలు పోయినట్టే. నేను డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. "నక్కో బేటా" అని చేయి అడ్డం పెట్టింది.

ఆ రాత్రి ట్రంకుపెట్టె తెరిచి బస్తా బయటికి తీశాను. కానీ వెంటనే ఏదో చేసేశానని అనుకోకండి. తీశాను, చూశాను, మళ్లీ లోపల పెట్టాను. జర్నలిస్టు బతుకులో అన్నీ రేపటికే.

2016 అక్టోబర్ 11, దసరా రోజు, జిల్లాలు మారాయి. అప్పటి దాకా మా అందరికీ కలెక్టర్ అంటే మహబూబ్‌నగర్. ఆ ఒక్క రోజుతో జోగులాంబ గద్వాల ఒక జిల్లా, వనపర్తి ఒక జిల్లా, నాగర్‌కర్నూలు ఒక జిల్లా. వార్తలు రాసి రాసి చేతులు నొప్పులు పుట్టాయి. ఇంకోవైపు మూడు ఊళ్లలోని డీటీపీ దుకాణాల్లో ప్రతి ఫైలు మీదా 'మహబూబ్‌నగర్' అనే ఉంది. కొన్నింటిలో మార్చారు, కొన్నింటిలో మరిచారు. 2017 నవంబర్‌లో ఉర్దూను రాష్ట్రమంతటా రెండో అధికార భాషగా చేస్తూ అసెంబ్లీలో బిల్లు పాసైంది. మావాళ్లు మిఠాయిలు పంచారు. నేనూ తిన్నాను. తింటూనే, మరి ఉర్దూలో అర్జీ ఎక్కడ ఉంది, ఏ దుకాణంలో దొరుకుతుంది అని అనుకున్నాను.

అన్నీ ఆన్‌లైన్ అయ్యాయి కదా, ఇంకా అర్జీలేంటి అంటారు కొందరు. సోమవారం రోజు ఏ కలెక్టరేట్‌కైనా పోయి ప్రజావాణి లైన్ చూడండి. చేతిలో కాయితం లేని మనిషి ఉండడు. ఆన్‌లైన్లో పని కానివాడే అక్కడికి వస్తాడు.

చివరికి పని మొదలుపెట్టించింది నా లాప్‌టాప్. సెకండ్ హ్యాండ్‌ది, విండోస్‌ను మోయలేక ఆయాసపడేది. ఓ పిల్లవాడు అందులో లినక్స్ వేసి, లిబ్రే ఆఫీస్ పెట్టి ఇచ్చాడు. దాంట్లో ఓ సంగతి తెలిసింది. మామూలు ఫైలు వేరు, టెంప్లేట్ వేరు. మామూలు ఫైలును తెరిస్తే అదే తెరుచుకుంటుంది, సేవ్ చేస్తే దాని మీదే పడుతుంది. టెంప్లేట్ మీద డబుల్ క్లిక్ చేస్తే అది తెరుచుకోదు. దాని నకలు ఒకటి, పేరు లేని కొత్త కాయితంగా ముందుకొస్తుంది. అసలు అట్లాగే ఉంటుంది. పేరు రావలసిన చోట బూడిదరంగు డబ్బా పెట్టొచ్చు, దాని మీద నొక్కి టైపు చేస్తే డబ్బా పోయి పేరు వస్తుంది. అబ్బా చెప్పింది ఇదే కదా! నేను నలభై ఏళ్ల వయసులో, రాత్రి పదకొండు గంటలకు, ఒక్కణ్ణే కూర్చుని 'అరే' అని పైకే అన్నాను.

ఇంకో సంగతి. ఈ టెంప్లేట్ ఫైలు ఒక ఫైలు కాదు, ఓ బస్తా. పేరు చివర ఏమున్నా లోపల అది జిప్ ఫైలే. విప్పితే అందులో రాత ఒక ఫైలు, ముస్తాబు ఒక ఫైలు, ఎవరు ఎప్పుడు చేశారనేది ఒక ఫైలు, లోపల ఏమేమున్నాయో చెప్పే ఫిహరిస్త్ ఒక ఫైలు. జిప్ ఫైలు దేన్నైనా పొట్ట చీల్చి చూస్తే మొదటి రెండు అక్షరాలు పీ, కే. 1989లో ఈ పద్ధతి తెచ్చిన ఫిల్ కాట్జ్ పేరులోని పొడి అక్షరాలవి. ఆయన తన దస్తఖత్‌ను ప్రపంచంలోని ప్రతి మూట మీదా వదిలిపోయాడు.

ఇందులో నాకు బాగా నచ్చింది మైమ్‌టైప్ అనే చిన్న ఫైలు. మూటలో ఉన్నది ఎలాంటి కాయితమో ఒక్క లైన్లో చెప్తుంది. దానికి రెండు షరతులు. మూటలో అదే మొదట ఉండాలి. దాన్ని కుదించకూడదు, ఉన్నది ఉన్నట్టు పెట్టాలి. ఎందుకంటే మూట విప్పకుండానే, ముప్పై ఎనిమిదో బైటు దగ్గర చూస్తే ఆ లైను చదవడానికి దొరకాలి. ఎర్రగుడ్డ ముడికి కట్టిన అట్టముక్క అన్నమాట. దఫ్తర్‌లో ప్రతిదానికీ బస్తా విప్పుతూ కూర్చుంటారా?

కమాండ్లు నేర్చుకోక తప్పనిది ఇక్కడే. మౌసుతో కుడి క్లిక్ కొట్టి జిప్ చేస్తే అన్నీ కలిపి కుదించేస్తుంది, అట్టముక్క ఎక్కడో అడుగున పడుతుంది. మొదట్లో నేను అదే చేశాను. తెరిస్తే 'ఫైలు పాడైంది, బాగు చేయమంటారా?' అని అడిగింది. నల్ల తెర మీద రెండు లైన్లు చాలు. మొదటి లైన్లో జిప్ మైనస్ సున్నా అని, మైమ్‌టైప్ ఒక్కదాన్నే కుదించకుండా పెట్టాలి. రెండో లైన్లో మిగిలినవన్నీ పెట్టాలి. ఈ రెండు లైన్లనూ ఒక స్క్రిప్టులో రాసి పెట్టుకుంటే ప్రతిసారీ అదే వరుసలో చేస్తుంది. మనిషిలాగా మగ్రిబ్ వేళకు కంగారుపడదు.

స్క్రిప్టు ఎందుకంటే, మూడు జిల్లాలు. అబ్బా నమూనాల్లో ఇప్పటికీ పనికొచ్చేవి ఇరవై రెండు ఏరాను. ఒక్కోదానికి మూడు జిల్లాల రూపాలంటే అరవై ఆరు ఫైళ్లు. చేత్తో చేస్తే పరాయి మొగుడి పేరు మళ్లీ ఎక్కడో మిగులుతుంది. అందుకని ఒక్కటే నమూనా చేసి, జిల్లా పేరు రావలసిన చోట ఒక గుర్తు పెట్టి, మూట విప్పి ఆ గుర్తు తీసి జిల్లా పేరు వేసి, మళ్లీ మూట కట్టే పని కమాండుకు అప్పజెప్పాను.

మొదటి రోజే తెలుగు డిగ్రీ అక్కరకొచ్చింది. ప్రింటు తీసి చూస్తే 'వనపర్తికు' అని ఉంది! గద్వాలకు, నాగర్‌కర్నూలుకు... బాగానే ఉన్నాయి. వనపర్తి మాత్రం ఇకారాంతం, దానికి 'కి' రావాలి. కంప్యూటర్‌కు వ్యాకరణం ఎవరు చెప్తారు? గుర్తు వెనక ఎప్పుడూ 'జిల్లా' అనే మాట ఉండేట్టు వాక్యాలన్నీ తిరగరాశాను. జిల్లాకు, జిల్లాలో, జిల్లా నుంచి. ఇక ఏ ఊరైనా ఫికర్ లేదు.

ఉర్దూలో ఈ బాధ లేదు. 'కో' అనేది విడిగా నిలబడుతుంది, ముందు ఏ ఊరున్నా దానికి పట్టదు. కానీ ఉర్దూకు దాని నఖరాలు దానికున్నాయి. మగవాడైతే 'రహనేవాలా', ఆడమనిషైతే 'రహనేవాలీ'. ఒకరికి వల్ద్, ఒకరికి జౌజా, ఒకరికి బేవా. అట్లా ఉర్దూ పేజీలు రెండింతలయ్యాయి.

అన్నిటికంటే ఎక్కువ రోజులు తిన్నది ఫాంటు. లిబ్రే ఆఫీస్‌లో ప్రతి స్టయిల్‌కూ మూడు ఖానాలుంటాయి. ఇంగ్లీషు లాంటి లిపులకొకటి, చైనా జపాన్ లిపులకొకటి, చిక్కు లిపులకొకటి. మన తెలుగూ చిక్కు లిపే, ఉర్దూ కూడా చిక్కు లిపే. రెండింటికీ కలిపి ఒకటే ఖానా! మండలి ఫాంటు పెడితే ఉర్దూ ఏదో అరబ్బీ ముక్కల్లాగా వస్తుంది, నస్తాలీఖ్ పెడితే తెలుగు ఇంకేదో ఫాంటులోకి జారిపోతుంది. గద్వాల చీరలో నూలు ఒంటికి పట్టు అంచు కలిపే మగ్గం దగ్గర కూర్చున్నట్టే ఉంది నా పని. చివరికి 'తెలుగు పేరా' అని ఒక స్టయిల్, 'ఉర్దూ పేరా' అని ఒక స్టయిల్ విడిగా చేసి, ఒక్క వాక్యంలో రెండు లిపులూ కలపకూడదని నియమం పెట్టుకున్నాను. నస్తాలీఖ్ వాలుగా, మెట్లు దిగుతున్నట్టు నడుస్తుంది. మామూలు లైను ఎత్తు ఇస్తే పై అక్షరాల తలలు తెగిపోతాయి. కాతిబ్‌లు చేత్తో రాసిన కాలంలో ఈ తకరారు లేదు. 1981లో మీర్జా అహ్మద్ జమీల్ నూరీ నస్తాలీఖ్ తెచ్చినప్పుడు విడి అక్షరాలతో పని కాదని, అక్షరాల జోడింపులను వేలకొద్దీ గీయించాడు. ఆ మెహనత్ వల్లే మన దగ్గర ఇన్‌పేజ్‌లో అంత అందమైన రుక్కాలు వచ్చాయి.

ఉర్దూ పేజీలో పేర్ల చోట డబ్బాలు పెట్టలేదు, గీతలు పెట్టాను. దుకాణం పిల్లలకు ఉర్దూ టైపు రాదు. అర్జీదారుకు వస్తే పెన్నుతో తానే రాసుకుంటాడు. మొదటి పేజీ తెలుగు, దఫ్తర్ కోసం. రెండో పేజీ ఉర్దూ, అర్జీదారు కోసం. తాను దేని కింద దస్తఖత్ చేస్తున్నాడో తెలియడానికి.

మూట కట్టే ముందు ఒక తలాషీ చేశాను. నమూనాలు మొత్తం నేను కొత్తగా టైపు చేసినవి కాదు. కొన్ని దుకాణంలోని పాత ఫైళ్ల నుంచే చేశాను. వాటిలో ఎవరి పేరైనా మిగిలి ఉందేమోనని ప్రతి మూటా విప్పి, రాత ఉన్న ఫైల్లో 'బేగం' అని వెతకమని గ్రెప్ అనే కమాండుకు చెప్పాను. ఏమీ దొరకలేదు. సంతోషపడబోయి, 'బేగమ్' అని కూడా వెతికాను. అప్పుడు ఒకటి దొరికింది. తర్వాత తెలిసింది, ఒక పేరును మధ్యలో దిద్ది ఉంటే లోపల అది రెండు ముక్కలై, నడుమ గుర్తులు దూరి ఉంటాయట. అట్లాంటిదాన్ని గ్రెప్ పట్టుకోలేదు. గుర్తులన్నీ ముందు తుడిచేసి, ఉత్త రాతను బయటికి తీసి, మళ్లీ వెతికాను. అనూ ఫాంటు పాత ఫైళ్లయితే ఇంకా తమాషా. కంటికి తెలుగులా ఉన్నా లోపల ఇంగ్లీషు అక్షరాలే కదా, తెలుగులో వెతికితే ఏం దొరుకుతుంది? వాటిని పక్కన పడేసి మొదటి నుంచీ టైపు చేశాను.

బేవా పింఛను నమూనాలో దొరికింది చూసి చేతులాగాయి. ఖాలాకు తిరగరాసిచ్చిన ఫైలు నుంచే దాన్ని చేశానని మరిచిపోయాను. ఆ రోజు దుకాణంలో ఎవరో మార్పులను గుర్తుపెట్టుకునే మీట నొక్కి వదిలేసినట్టున్నారు. తెర మీద ఏమీ కనిపించదు. కాయితం శుభ్రంగా ఉంది, డబ్బాలు బూడిదరంగులో ఉన్నాయి. లోపల మాత్రం ముందు పరాయి మనిషి పేరు, 'తీసేశారు' అని గుర్తు. దాని తర్వాత ఖాలా షోహర్ పేరు, దానికీ 'తీసేశారు' అని గుర్తు. ఇద్దరు చనిపోయిన మనుషులు, తేదీలతో, గంటలతో సహా. నేను దీన్ని మూడు ఊళ్లకు పంచిపెట్టి ఉంటే, ఎక్కడో ఎవరో ఆ మీట నొక్కగానే అడ్డగీతలతో ఇద్దరూ లేచి వచ్చేవాళ్లు.

ఆ ఫైలు మొత్తం తీసేశాను. తెల్లకాయితం తెరిచి, బస్తాలోని అబ్బా కాయితం పక్కన పెట్టుకుని, చూస్తూ రాశాను. తెల్లారి నాలుగయింది.

ఇరవై రెండు నమూనాలనూ దుకాణం వాళ్లు ఒక్కొక్కటిగా ఎక్కించుకోలేరు. దీనికి లిబ్రే ఆఫీస్‌లో ఎక్స్‌టెన్షన్ అనే పెద్ద మూట ఉంది. అదీ జిప్పే. అందులో నమూనాల ఫోల్డర్, దాంతో పాటు మూడు చిన్న ఫైళ్లు. ఒకటి ఈ మూట పేరు, ఎన్నో కూర్పు అని చెప్తుంది. ఒకటి ఫిహరిస్త్. ఇంకొకటి 'టెంప్లేట్ల కోసం ఈ ఫోల్డర్‌లో కూడా చూడు' అని ప్రోగ్రాముకు దారి చూపిస్తుంది. ఎక్కించడానికి అన్‌ఓపీకేజీ అనే కమాండు. దాని వెనక యాడ్ అని, మూట పేరు. ఎక్కిందో లేదో చూడాలంటే లిస్ట్, తీసేయాలంటే రిమూవ్. విండోస్‌లోనూ ఇది లిబ్రే ఆఫీస్‌తోనే వస్తుంది. ఒక్కటే జాగ్రత్త, కమాండు కొట్టే ముందు లిబ్రే ఆఫీస్ మూసి ఉండాలి.

పెన్‌డ్రైవ్ జేబులో పెట్టుకుని మొదట గద్వాల పోయాను. పెబ్బేరు, బీచుపల్లి వంతెన, ఎర్రవల్లి చౌరస్తా. కృష్ణ నిండుగా ఉంది. దుకాణంలో కమాండు కొట్టాను, ఎక్కలేదు. మళ్లీ కొట్టాను, ఎక్కలేదు. దుకాణం ఆయన మర్యాదస్తుడు, "ఛాయ్ చెప్పమంటారా సార్?" అన్నాడు. విప్పి చూస్తే, రాత్రి ఆఖరి క్షణంలో ఫోల్డర్ లోపలివి కాక ఫోల్డర్‌నే మూట కట్టి ఉన్నాను. మూటలో ఇంకో మూట. పైన చూసే ప్రోగ్రాముకు ఫిహరిస్త్ కనిపించలేదు, పాపం. అక్కడే కూర్చుని తిరగకట్టాను. ఈసారి ఎక్కింది. ఛాయ్ చల్లారిపోయింది.

వనపర్తిలో నా దోస్తు దుకాణం కాబట్టి ఇబ్బంది లేదు. వాడికి కమాండ్లంటే భయం. "నువ్వు అట్ల నల్ల తెర తెరిస్తే గిరాకీలు హ్యాకింగ్ అనుకుంటరురా" అన్నాడు.

నాగర్‌కర్నూలుకు సోమవారం పోయాను, కావాలనే. ప్రజావాణి రోజు దుకాణం ఖాళీగా ఉండదు. అక్కడ ఇరవై ఏళ్ల పిల్లవాడు కూర్చుంటాడు, చురుకైనవాడు. కమాండు వాడి చేతే కొట్టించాను. లిస్ట్ కొట్టగానే మూట పేరు, కూర్పు 1.0 అని వచ్చింది. వాడు కొత్త ఫోన్ కొన్నంత మురిసిపోయాడు. అప్పుడే ఒక పెద్దాయన వచ్చాడు. టోపీ, చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో మడతలు పడ్డ కాయితాలు. తమ్ముడితో హద్దు తగాదా. పిల్లవాడు హద్దు నమూనా తెరిచి, అడిగి అడిగి డబ్బాలు నింపి, రెండు పేజీలూ ప్రింటు తీశాడు. పెద్దాయన ఉర్దూ పేజీ చూసి ఒక్క క్షణం ఆగాడు. జేబులోంచి పెన్ను తీసి, గీతల మీద తన పేరు, వాలిద్ పేరు, కుడి నుంచి ఎడమకు, నిదానంగా, నుఖ్తాలతో సహా రాశాడు.

"అయిపోయింది సాబ్, సంతకం పెట్టండి" అన్నాడు పిల్లవాడు.

"ఆగు" అని కాయితాలు నా చేతిలోకి తీసుకున్నాను. తెలుగు పేజీ చదివి మతలబు చెప్పాను. పెద్దాయన తలూపుతూ విన్నాడు. వెనక లైన్లో ఎవరో గొణిగారు. "సార్, ఇది ప్రతిసారి చదవాల్నా?" అని పిల్లవాడు మెల్లగా అడిగాడు. హౌ అన్నాను. ఉర్దూ పేజీ తిప్పి చదవడం మొదలుపెట్టాను. బ ఖిద్మత్ జనాబ్ కలెక్టర్ సాహబ్, జిలా వనపర్తి...

పెద్దాయన చేయి ఎత్తాడు. "ఠహ్‌రో బాబా. హమ్ నాగర్‌కర్నూల్ మే హై నా?"

తెలుగు పేజీలో నేను గుర్తు పెట్టాను. ఉర్దూ పేజీలో, ఆ ఒక్క నమూనాలో, గుర్తు పెట్టడం మరిచి మా ఊరి పేరే రాసేశాను. అంటే గద్వాలలోనూ అట్లాగే ఎక్కింది. పెద్దాయన నా మొహం చూసి, తన పెన్నే అందించాడు. వనపర్తిని కొట్టేసి పైన నాగర్‌కర్నూల్ అని రాశాను. ఆయన ఇంకోసారి మొత్తం చదివించుకుని, అప్పుడు దస్తఖత్ చేశాడు.

సాయంత్రం బిజినేపల్లి మీదుగా వనపర్తి బస్సులో, లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని, ఆ నమూనా విప్పి గుర్తు పెట్టి, మూడు జిల్లాలకూ మూట తిరగకట్టాను. కూర్పు 1.1. బ్యాటరీ అయిపోతుండగా గద్వాల ఆయనకు ఫోన్ చేసి, హద్దు అర్జీలు ఎవరికైనా ఇచ్చారా అని అడిగాను. ఒకటి ఇచ్చాడట. ఆ మనిషి ఏ ఊరో కనుక్కోమని చెప్పాను.